డాల్ఫిన్ల తలలు కాదు, వలలు నీళ్ళలో ఉండే గంటలు: చిలికా అంచున ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఒడిశాలోని గంజాం జిల్లా తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారుల పల్లెలు చాలా ఉన్నాయి. ఒడియావాళ్ళు వీళ్ళను నోలియాలంటారు. ఇంట్లో తెలుగు, రేవులో రెండు భాషలూ కలిపి, ఆఫీసుకెళ్తే ఒడియా. పెళ్ళి సంబంధాలు ఇప్పటికీ శ్రీకాకుళం దాకా నడుస్తాయి. ఎక్కువమందిది సముద్రపు వేట. కొన్ని కుటుంబాలు మాత్రం వానలు వెనకబట్టాక చిలికా సరస్సు బయటి కాలువ వైపు వెళ్ళి, ఇసుక దిబ్బ మీద పాకలు వేసుకుని సీజనంతా అక్కడే ఉంటాయి. ఈ కేసు అలాంటి ఒక పల్లెది. ఊరి పేరు, సంస్థ పేరు, మనుషుల పేర్లు చెప్పను. కళేబరాలు దొరికిన చోట్లు కూడా చెప్పను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

బయటి కాలువ అంటే సరస్సునూ బంగాళాఖాతాన్నీ కలిపే పొడవాటి నీటి దారి. చిలికాలోని ఇరావడి డాల్ఫిన్లకు అదే ముఖ్యమైన ఆవాసం. వీటికి ముక్కు పొడవుగా ఉండదు. తల గుండ్రం, వీపు రెక్క చాలా చిన్నది. సముద్రపు డాల్ఫిన్లలా ఎగిరి గంతులేసే రకం కాదు. వీపు కాస్త పైకి తేల్చి, ఊపిరి తీసుకుని దిగిపోతాయి. గర్భం దాదాపు 14 నెలలు. ఈనితే ఒక్క పిల్లే, మళ్ళీ ఈనడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇవి మొదటి షెడ్యూలు జీవులు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్నవి. చిలికాలో ఇటీవలి గణనలన్నీ 150కి కాస్త అటూ ఇటూగానే ఉన్నాయి. ఈ లెక్కల మధ్య పది తగ్గితే ఒకరు బాధపడతారు, పది పెరిగితే ఇంకొకరు స్వీట్లు పంచుతారు. నన్ను పిలిచింది కూడా ఈ పది గురించే.

వచ్చిన సమస్య

ఆ పల్లె కుర్రాళ్ళతో ఒక చిన్న సంస్థ కొన్నేళ్ళుగా డాల్ఫిన్ పని చేస్తోంది. డబ్బు బయటి దాత నుంచి వస్తుంది. ఏటా ఒక ఉదయం పడవల మీద వెళ్ళి తమ పరిధిలో కనబడ్డ డాల్ఫిన్లను లెక్కపెట్టి, ఆ సంఖ్యను దాత ఫారంలో ఒక గడిలో నింపుతారు. ఒక ఏడాది సంఖ్య బాగా పెరిగింది, మరుసటి ఏడాది తగ్గింది. తగ్గడానికి కారణం రాయమని దాత అడిగారు. సంఖ్య పెరిగిన ఏడాదిలోనే ఒడ్డుకు కళేబరాలు కొట్టుకొచ్చాయి. ఫారంలో వాటికి గడే లేదు.

సంస్థ నన్ను అడిగింది ఒక్కటే: లెక్క ఇంకా కచ్చితంగా రావాలంటే ఏం కొనాలి, డ్రోనా, మంచి బైనాక్యులర్లా?

దానికి నేను వేసిన ఎదురు ప్రశ్న: "ఈ సంఖ్య పెరిగితే మీరు చేసే పనిలో ఏం మారుతుంది? తగ్గితే ఏం మారుతుంది?" వాళ్ళు ఆలోచించి చెప్పిన జవాబు నిజాయితీగా ఉంది. పెరిగితే స్కూళ్ళలో అవగాహన కార్యక్రమాలు కొనసాగిస్తారు, తగ్గితే అవే ఎక్కువ చేస్తారు. అంటే ఏ సంఖ్య వచ్చినా పని ఒకటే. అలాంటప్పుడు దాన్ని మరింత కచ్చితంగా కొలవడానికి డబ్బు ఖర్చుపెట్టడం నాకు సబబుగా తోచలేదు. అయినా దాతను ఒప్పించాలంటే ఆ మాట చాలదు, లెక్క వేసి చూపాలి.

లెక్క వేసి చూస్తే

మంద ఏటా నూటికి 5 చొప్పున తరిగిపోతోందనుకుందాం. మనం ఏటా వేసే అంచనాలో ప్రామాణిక దోషం, అంటే అంచనా మామూలుగా అసలు సంఖ్యకు ఎంత అటూ ఇటూగా పోతుందన్నది, నూటికి 20 అనుకుందాం. మసక నీళ్ళలో, గాలిలో, తక్కువసేపు పైకి తేలే జంతువును లెక్కపెట్టేటప్పుడు 20 శాతమంటే నిజానికి మంచి పనితనమే. ఇలాంటి పరిస్థితిలో తరుగుదలను నమ్మకంగా పట్టుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో అంచనా వేసే సూత్రాన్ని టిమ్ గెరొడెట్ అనే శాస్త్రవేత్త 1987లో ఇచ్చారు. అందులో మన అంకెలు వేస్తే దాదాపు 11 ఏటి గణనలు కావాలని వస్తుంది. అప్పటికి మందలో నూటికి 40 పోయి ఉంటాయి. దోషాన్ని సగానికి, 10 శాతానికి, తగ్గించగలిగినా 7 గణనలు కావాలి. అంత కచ్చితత్వానికి అయ్యే ఖర్చు ఈ సంస్థ మొత్తం బడ్జెట్‌ను మింగేస్తుంది.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. మనుషుల వల్ల ఏటా ఎన్ని చనిపోతే మంద తట్టుకోగలదో తేల్చే పద్ధతి ఒకటి అమెరికా సముద్ర క్షీరదాల చట్టంలోకి 1994 సవరణతో వచ్చింది. మంద కనీస అంచనాను (దోషాన్ని బట్టి జాగ్రత్తగా తగ్గించి వేసే అంకె), ఆ జాతి గరిష్ఠ వృద్ధి రేటులో సగంతోనూ, జాగ్రత్త కోసం పెట్టుకునే మరో గుణకంతోనూ గుణిస్తారు. డాల్ఫిన్, తిమింగల జాతులకు వేరే సమాచారం లేకపోతే గరిష్ఠ వృద్ధి ఏటా 4 శాతం అనుకుంటారు. అంచనా 150 ఉండి, పైన చెప్పిన 20 శాతం దోషం ఉంటే కనీస అంచనా 127 దగ్గర తేలుతుంది. జాగ్రత్త గుణకం 0.5 తీసుకుంటే ఏడాదికి ఒకటి పైచిలుకు. అంతరించే ప్రమాదం ఉన్న మందలకు వాడే 0.1 తీసుకుంటే నాలుగేళ్ళకు ఒకటి.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి బల్ల మీద చూపించాను. గణనలో పది తేడా వస్తే దాని నుంచి ఏమీ తెలియదు. ఒడ్డున ఒక్క కళేబరం కనబడితే మాత్రం ఏడాది లెక్క తారుమారైనట్టే. ఊళ్ళో చావు పుట్టుకలు ఎవరూ నమోదు చేయకుండా, పదేళ్ళకోసారి వచ్చే జనాభా లెక్కలు చూసి కలరా వచ్చిందో లేదో చెప్పబోయినట్టుంది ఇప్పటిదాకా వీళ్ళు చేస్తున్నది.

ప్రయత్నించినవి, నిలవనివి

దాత మాత్రం సంఖ్యను పూర్తిగా వదలడానికి ఒప్పుకోలేదు. అందుకని ముందు గణన పద్ధతినే బాగుచేసి చూశాం. నిర్ణీత గీతల మీద పడవ నడిపి, కనబడ్డ ప్రతి గుంపు ఎంత దూరంలో ఉందో రాసి, కనబడనివాటిని లెక్కగట్టే పద్ధతి అది. సిద్ధాంతం గట్టిదే. కానీ దానికి కనీసం 60 నుంచి 80 గుంపులు కనబడాలి, మాకు ఆ దరిదాపుల్లో కూడా రాలేదు. పైగా గీతలు లోతుకు అడ్డంగా పోవాలి. సన్నటి కాలువలో ఇసుక మేటలు తప్పించుకుంటూ పోయే పడవ చివరికి లోతైన దారినే పడుతుంది. డాల్ఫిన్లూ అక్కడే ఉంటాయి. ఇక అంచనా ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు పర్యాటకుల పడవలది. డాల్ఫిన్ కనబడగానే అవి చుట్టుముడతాయి, జంతువు పక్కకు జరుగుతుంది. మేం రాసుకున్న దూరం దానికి ఇష్టమైన చోటుదా, తప్పించుకున్న చోటుదా?

తర్వాత ఫొటోలు. వీపు రెక్క మీద గాట్లు, మచ్చలు చూసి ఒక్కో జంతువునూ గుర్తుపట్టవచ్చు. అదే జంతువు మళ్ళీ మళ్ళీ కనబడితే బతికి ఉన్నట్టు. దీన్ని నేను ఇప్పటికీ గొప్ప పద్ధతి అనే అంటాను. కానీ ఇరావడి డాల్ఫిన్ రెక్క చిన్నది, పైకి తేలేది కొద్ది క్షణాలు, అన్నిటికీ గుర్తుపట్టేంత మచ్చలుండవు. మంచి ఫొటో కావాలంటే పడవ దగ్గరికి వెళ్ళాలి. దగ్గరికి వెళ్ళవద్దని పర్యాటకులకు చెప్పేది మళ్ళీ మేమే. వేల ఫొటోలు సరిచూసే మనిషికి జీతమూ కావాలి. కొన్నేళ్ళకోసారి ఏదైనా విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి చేయడానికి దీన్ని అట్టిపెట్టి, ఏటా చేసే పనుల్లోంచి తీసేశాం.

ఎవరో పిల్లల నిష్పత్తి కొలుద్దామన్నారు. వినడానికి బాగుంది. పిల్లలు ఎక్కువైతే మంద ఆరోగ్యంగా ఉన్నట్టే కదా అనిపిస్తుంది. కానీ పెద్దవి వలలో పడి చస్తున్నా ఆ నిష్పత్తి పెరుగుతుంది, కింద భాజకం తగ్గుతుంది కాబట్టి. ఒకే అంకె మంచి వార్తకూ చెడ్డ వార్తకూ పెరిగేటట్టయితే దాన్ని ఒంటరిగా వాడకూడదు. ఆ ప్రతిపాదన అక్కడే ఆగింది.

ఇక మిగిలింది చావుల నమోదు. రెండో లెక్క ప్రకారం అన్నిటికన్నా విలువైనది ఇదే. అన్నిటికన్నా గట్టిగా ఎదురైన గోడ కూడా ఇదే. చనిపోయిన డాల్ఫిన్ కనబడితే ఫలానా నంబరుకు ఫోన్ చేయండని పల్లెలో చెప్పారు. ఒక్క ఫోనూ రాలేదు. మొదటి షెడ్యూలు జంతువును చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. వలలో తనంతట తాను చిక్కి చచ్చినా, చిక్కిన వల ఎవరిదో తేలితే ఆ ఇంట్లో నిద్ర ఉండదు. కాగితాలన్నీ ఒడియాలో, వీళ్ళలో చాలామంది చదివేది తెలుగు, లేకపోతే ఏదీ లేదు. ఈ పరిస్థితిలో ఫోన్ రాకపోవడాన్ని చావులు లేకపోవడంగా రాసుకుంటే, భయం పెరిగిన కొద్దీ మా రిపోర్టు మెరుగుపడుతుంది. అంతకన్నా ప్రమాదకరమైన సూచిక ఉండదు.

మలుపు

దిబ్బ మీద పాకల దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. అందరూ మావయ్య అంటారు, నేనూ అలాగే పిలిచాను. "మావయ్యా, ఇక్కడ ఎన్ని ఉంటాయంటారు?" అని మాటవరసకు అడిగాను.

"ఎన్నున్నాయో నాకేటి తెలుస్తాది బాబూ. ఎక్కడ సస్తాయో అడుగు, సెప్తాను. నా పేరు మాత్రం పుస్తకంలో రాయకు."

ఆయన చెప్పింది చోటు, కాలం, వల రకం. వానలు తగ్గాక పండుగప్ప దొరికే వారాల్లో, కాలువ మలుపు తిరిగే ఒక చోట, పెద్ద కన్ను వలలు సాయంత్రం కట్టి తెల్లవారేదాకా వదిలేసినప్పుడు. వల దగ్గర మనిషి ఉంటే డాల్ఫిన్ కొట్టుకోవడం వినబడుతుంది, వల కోసైనా వదిలేస్తారు. ఎవరూ లేకపోతే కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. అది చేప కాదు, పైకొచ్చి ఊపిరి తీసుకోవాలి.

అప్పటిదాకా మేం జంతువును కొలవడానికి దారులు వెతుకుతున్నాం. ఆయన మాటతో ప్రశ్న మారింది. జంతువును చంపేదాన్ని కొలిస్తే? చావులు అరుదు, దాచబడతాయి. వల కట్టడం రోజూ జరుగుతుంది, అందులో దాచాల్సింది లేదు, చట్టరీత్యా తప్పూ కాదు. అన్నిటికన్నా, ఆ కొలత మారితే ఏం చేయాలో అడిగిన ప్రతివాళ్ళకూ తెలుసు.

పనికొచ్చింది

వల ఎన్ని గంటలు నీళ్ళలో ఉందో ఎవరు రాయాలన్నది తర్వాతి ప్రశ్న. పడవల మీద జీపీఎస్ పెడదామని సంస్థ అంది. పెడితే ఆ పెట్టెలు ఒడ్డునే ఉండి, పడవలు వేటకు పోతాయని నా అభిప్రాయం. జవాబు కాటా దగ్గర దొరికింది. చేపలు తూచి కొనే ఒక అక్క, ఏ చేప ఎంతసేపు వలలో ఉందో చూడగానే చెప్పేసేది. రాత్రంతా వలలో ఉన్న చేపకు కళ్ళు తెల్లబడతాయి, ఒళ్ళు మెత్తబడుతుంది, పీతలు కొరికిన గాట్లుంటాయి. ధర కూడా దాన్నిబట్టే కట్టేది.

కాబట్టి కాటా పుస్తకంలోనే మూడు గడులు కలిపాం. వల కన్ను ఎన్ని వేళ్ళు. ఏ చోటు (కాలువను వాళ్ళు పిలిచే పేర్లతోనే ముక్కలుగా విడగొట్టాం). వల దగ్గర మనిషి ఉన్నాడా, వదిలేసి వచ్చారా. పడవ నంబరు, మనిషి పేరు రాయలేదు. వ్యాపారం పుస్తకం వేరు, ఇది వేరు. రాసేది ఆడవాళ్ళే, తెలుగులోనే, రాసినందుకు చిన్న మొత్తం నెలనెలా ఇచ్చారు. మొహమాటానికి ఊరికే చేయించుకున్న పని రెండో సీజన్ చూడదు.

చెప్పినదాన్ని చెప్పినట్టే నమ్మడం కుదరదు. అందుకని పొద్దుగూకే వేళ దిబ్బ మీద నుంచి వలల బెండ్లు లెక్కపెట్టే పని ఇద్దరు డిగ్రీ కుర్రాళ్ళకు అప్పగించాం. వాళ్ళ లెక్కా కాటా లెక్కా ఒకటి కానక్కర్లేదు. రెండూ ఒకే దిశలో కదిలితే చాలు. కదలనప్పుడు ఎందుకని అడగడానికి ఒక కారణం దొరుకుతుంది.

చావుల నమోదును వదల్లేదు, రూపం మార్చాం. ఫోన్ కోసం ఎదురుచూడ్డం మానేసి, ఒడ్డు వెంట కొన్ని నిర్ణీత ముక్కలను వారానికోసారి నడిచి చూడటం మొదలుపెట్టాం. "నడిచాం, ఏమీ లేదు" అన్నది కూడా తేదీ వేసి రాయాలన్నది నియమం. చూడనిరోజుకూ, చూసినా కనబడనిరోజుకూ తేడా తెలియాలి. కళేబరం కనబడితే ఆ క్షణమే అటవీ సిబ్బందికి కబురు. అందులో రాజీ లేదని మొదటి సమావేశంలోనే చెప్పాం. కబురులో ఉండేది చోటు, సమయం, ఫొటోలు: తోక మీద, రెక్కల అంచున వల దారపు గీతలున్నాయా, పడవ ఇంజను పంఖా కోసినట్టు వరసగా సమాంతరపు గాట్లున్నాయా. వలల పుస్తకంలో మనిషి గుర్తులే లేవు కాబట్టి దాన్ని దీంతో జోడించి ఎవరినీ పట్టుకోలేరు. ఈ ఏర్పాటు చూశాకే ఊరివాళ్ళు తమంతట తాము వచ్చి చెప్పడం మొదలైంది. దొరికేవన్నీ నిజంగా జరిగిన చావుల్లో ఒక భాగమేనని గుర్తుంచుకోవాలి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డాల్ఫిన్లు, తిమింగలాల మీద చేసిన ఒక విశ్లేషణలో ఆ భాగం సగటున 2 శాతమే. చిలికాలాంటి మూసిన నీళ్ళలో అంతకన్నా ఎక్కువే దొరకాలి. అయినా దొరికినన్ని మాత్రమే జరిగాయని రాయకూడదు.

డాల్ఫిన్లు ఉన్నాయా లేవా అన్నది మాత్రం పడవ లేకుండా ఒడ్డు నుంచే చూశాం. నిర్ణీత చోట్లు, నిర్ణీత సమయం, గాలి ఎక్కువగా ఉంటే ఆరోజు మానెయ్యాలి. ఎన్ని అని రాయం, కనబడ్డాయా అని మాత్రమే. చిలికాలో ఇది అవసరం. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచాక సరస్సు ఉప్పదనమే మారింది. 2013లో ఫైలిన్, 2019లో ఫణి తుఫాన్లు వచ్చిపోయాయి. ముఖద్వారం జరిగితే నీళ్ళు మారతాయి, చేప జరుగుతుంది, చేప వెంట డాల్ఫిన్, దాని వెంటే పడవ. ఒకే చోట కూర్చుని లెక్కపెట్టేవాడికి వలస పోవడం కూడా చావులాగే కనబడుతుంది.

మొత్తం ఎన్ని ఉన్నాయన్న ప్రశ్నను ప్రభుత్వం చేసే వార్షిక గణనకే వదిలేశాం. సరస్సంతటికీ ఒకేరోజు బృందాలను దించగలిగేది వాళ్ళే. ఒక మూల కూర్చున్న సంస్థ పోటీ లెక్క వేయడంలో అర్థం లేదు.

నిర్ణయం ముందు, అంకె తర్వాత

పుస్తకం తెరవకముందే ఊరి సంఘంతో కూర్చుని ఒక కాగితం రాయించాను. మలుపు దగ్గర వదిలేసిన పెద్ద కన్ను వలలు సగానికి మించితే ఏం చేస్తారు? వల గుర్తులున్న కళేబరం ఒక్కటి దొరికినా ఏం చేస్తారు? అంకెలు వచ్చాక ఈ చర్చ పెడితే ప్రతివాడూ తన వలను బట్టి మాట్లాడతాడు. ముందే పెడితే ఎవరి వల ఎక్కడ తేలుతుందో ఇంకా తెలియదు, కాబట్టి న్యాయంగా మాట్లాడతారు.

మొదటి సీజన్ పుస్తకం మావయ్య మాటనే నిజం చేసింది. వదిలేసిన పెద్ద వలల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క మలుపులోనే ఉన్నాయి. కాగితంలో రాసుకున్న ప్రకారం సంఘం తీర్మానించింది: ఆ ముక్కలో ఆ వారాల్లో వల కడితే మనిషి ఉండాలి, మిగతా చోట్ల ఎప్పటిలాగే. సరస్సంతా వలలు ఆపమని ఎవరూ అడగలేదు, అడిగితే ఎవరూ వినరు కూడా. కాపలా ఉన్న వల చేప తాజాగా ఉంటుంది, మంచి ధర పలుకుతుంది. కాటా దగ్గర అక్క ఈ మాట చెప్పినంత బాగా మా పోస్టర్లేవీ చెప్పలేకపోయాయి. తర్వాతి సీజన్లో మలుపు దగ్గర వదిలేసిన వలల వాటా స్పష్టంగా తగ్గింది, బెండ్ల లెక్కా అదే చూపింది.

చావులు తగ్గాయా? ఆ సీజన్లో వల గుర్తులున్న కళేబరం దొరకలేదు. సంస్థవాళ్ళు దాన్ని రిపోర్టు మొదటి పేజీలో వేస్తామన్నారు. నేను వద్దన్నాను. ఏటా సగటున రెండు దొరికే చోట, ఏమీ మారకపోయినా ఒక ఏడాది ఒక్కటీ దొరకకపోయే అవకాశం నూటికి 13 పైచిలుకు ఉంటుంది. ఆ సున్నా మనదో, అదృష్టానిదో ఇంకా తెలియదు. మొదటి పేజీలో వేయాల్సింది వలల లెక్క.

దాతతో బేరం ఊహించినదానికన్నా ఎక్కువకాలం సాగింది. వలల గంటలంటే మత్స్యశాఖ పనిలా ఉంది, డాల్ఫిన్ పనిలా లేదన్నారు. మెక్సికోలోని వాకీటా సంగతి చెప్పాను. 1997లో 567 అని అంచనా వేసిన ఆ చిన్న సముద్ర క్షీరదం 2016 నాటికి 30 దగ్గరికి వచ్చేసింది. ఎన్ని మిగిలాయో ప్రపంచానికి చక్కగా తెలుసు. దాన్ని చంపే వలలు మాత్రం నీళ్ళలోనే ఉన్నాయి. చివరికి ఫారంలో పాత గడి ఉంచి, అందులో ప్రభుత్వ గణన అంకెనే వేసి, కింద కొత్త గడి కలపడానికి ఒప్పుకున్నారు.

ఇదే పని ఇంకోచోట చేసేవాళ్ళకు

మా మూడు గడులను యథాతథంగా తీసుకోకండి. మీ దగ్గర చంపేది వల కాకుండా ఇంజను పంఖా కావచ్చు, ఎగువన కట్టిన ఆనకట్ట కావచ్చు. తీసుకోవాల్సింది క్రమం: ఎవరు ఏం మార్చగలరు, ఆ మార్పుకు ముందుగా కదిలే అంకె ఏది, ఆ అంకె చెప్పినందుకు ఎవరికి నష్టం. మూడో ప్రశ్నను చాలా పథకాలు అడగనే అడగవు. అడగకుండా సేకరించిన సమాచారంలో సగం మొహమాటం, సగం భయం.

మేం కొలవని ముఖ్యమైన సంగతి ఒకటుంది, పర్యాటకుల పడవలు. ఒక గుంపు చుట్టూ ఒకేసారి ఎన్ని చేరుతున్నాయో ఒడ్డు నుంచి తేలిగ్గానే లెక్కపెట్టవచ్చు. కానీ ఆ పడవల సంఘంతో ఈ పల్లెకు సంబంధం లేదు, వాళ్ళ తరఫున ముందస్తు కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళు ఇంకా దొరకలేదు. దొరికేదాకా ఆ గడి కలపవద్దని సంస్థకు రాశాను. ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది. ఈ ఏడాది ఇసుక మేట జరిగి మలుపు కాస్త ఉత్తరానికి పోయిందని మావయ్య కబురు పంపారు. సీజన్ మొదలయ్యేలోపు కాలువ ముక్కల పటం మళ్ళీ గీయాలి.